కరెంటు బండికి రెండో యజమాని
(మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మారకోపన్యాసం)



విశ్వేశ్వరయ్యగారి పేరున మాట్లాడమంటే ఎవరికైనా ముందు నోటికొచ్చేవి ఆనకట్టలు. కృష్ణరాజసాగరం, మూసీ వరద తరవాత హైదరాబాదును కాచిన జలాశయాలు. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి ఇరుగుపొరుగున ఉన్న మీకు వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆయన తలపెట్టినా ఆయన అనుకున్నట్టు జరక్కుండా పోయిన పని ఒకటుంది. అది మోటారు కార్ల ఫ్యాక్టరీ. ఇవాళ నేను ఎత్తుకున్న విషయానికి అదే తగిన వాకిలి.

1935లో, డెబ్బై దాటిన వయసులో, ఆయన యూరప్, అమెరికా తిరిగి అక్కడి కార్ల కర్మాగారాలు చూసొచ్చారు. వచ్చాక మన దేశంలోనే కారు తయారు చేయడానికి పథకం రాశారు. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టుబడికి ముందుకొచ్చారు. 1937లో బొంబాయిలో ఏర్పడిన కాంగ్రెస్ మంత్రివర్గం సాయం చేస్తానంది. 1939లో ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది, మాట గాలికి పోయింది. పోనీ మైసూరు సంస్థానంలో పెడదామంటే బ్రిటిషు సర్కారు పడనివ్వలేదు. చివరికి 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయిలోనే పుట్టింది. ఆ ఫ్యాక్టరీ ఈ నేల మీద లేచి ఉంటే మన పాత కోలారు జిల్లా ముఖచిత్రం ఎలా ఉండేదో ఊహించుకోవడం మీకే వదిలేస్తాను.

ఆనాడు అడ్డం నిలబడింది సర్కారు. ఈనాడు సర్కారే ఎదురు డబ్బిచ్చి కరెంటు బండి కొనండి బాబూ అంటోంది. కరెంటు బండ్ల కోసం ఒక విధానమంటూ ప్రకటించిన మొదటి రాష్ట్రం కర్ణాటక, 2017లో. కేంద్రం 2015లో ఫేమ్ అనే రాయితీ పథకం మొదలుపెట్టి, 2019లో పదివేల కోట్లతో రెండో విడత తెచ్చింది. అదే ఏడాది ఆగస్టు నుంచి ఈ బండ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. 2024 అక్టోబరు నుంచి పీఎం ఈ-డ్రైవ్ అనే పథకం. ఇంత చేసినా 2024–25లో దేశంలో అమ్ముడైన ద్విచక్ర వాహనాల్లో కరెంటువి నూటికి ఆరు. కార్లలో నూటికి మూడు కూడా లేవు. మూడు చక్రాల బండ్లలో మాత్రం సగానికి పైనే. ఈ మూడు అంకెల మధ్య తేడాలోనే అసలు కథ ఉంది. ఆటో నడిపేవాడు సాయంత్రం ఇంటికెళ్లేలోపు కిలోమీటరుకు ఎంత పడిందో పైసల్లో చెప్పగలడు. అలా లెక్క కట్టినచోట కరెంటు గెలుస్తోంది. మరి మనం లెక్క కట్టడం లేదా? కడుతున్నాం. మన లెక్కలో కంపెనీవాళ్లు వేసుకోని పద్దు ఒకటుంది, అంతే.

దానికి ముందు ఒక వింత చెప్పాలి. మన ఊళ్ల చుట్టూ ఒక గీత గీసి చూడండి. ఆగ్నేయాన కోలారు దారిలో నరసాపుర. కరెంటు యాక్టివా అక్కడి హోండా ఫ్యాక్టరీలోనే తయారైంది. బెంగళూరు వెళ్లే దారిలో హొసకోటె. అక్కడ వోల్వో వాళ్లు 2022 నుంచి కరెంటు కారు బిగిస్తున్నారు. కాస్త దక్షిణానికి హోసూరు. ఏథర్ స్కూటర్లు అక్కడివే, టీవీఎస్ ఫ్యాక్టరీ ఉన్నదీ అక్కడే. ఇంకొంచెం ముందుకెళ్తే కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఓలా ఫ్యాక్టరీ (చీరల పోచంపల్లి కాదు, ఇది తమిళనాడుది. తెలుగువాళ్లకు ఈ పేరు వినగానే నేతమగ్గాలు గుర్తుకు రావడం సహజం). ఉత్తరాన బాగేపల్లి టోల్‌గేటు దాటి ఆంధ్రలోకి అడుగుపెడితే పెనుకొండ దగ్గర కియా. 2025 జూలైలో ఆ కంపెనీ మన దేశంలో తయారైన తన మొదటి కరెంటు కారును విడుదల చేసింది. ఇన్ని వైపులా తెలుగు వినిపించే పల్లెలే. ఆ ఫ్యాక్టరీల బస్సులు తెల్లవారక ముందే మన కుర్రాళ్లను ఎక్కించుకుపోతున్నాయి. సాయంత్రం వాళ్లు దిగి ఇంటికి వెళ్లేది మాత్రం పెట్రోలు బండి మీద.

ఎందుకని అడిగితే పట్నంలో అందరూ ఒకే మాట చెబుతారు. పల్లెల్లో ఛార్జింగ్ స్టేషన్లు లేవు కదా అని. పేపర్లోనూ ఇదే, టీవీలోనూ ఇదే. నాకు ఇది సగం తప్పుగా తోస్తుంది. బెంగళూరు అపార్టుమెంటులో మూడో అంతస్తు మనిషికి కింద సెల్లార్లో ప్లగ్గు పెట్టుకోవాలంటే సంఘం అనుమతి కావాలి, మీటరు నుంచి వైరు లాగాలి, పక్కవాళ్ల గొణుగుడు వినాలి. చింతామణిలో సొంత ఇంట్లో ఉన్నవాడికి వరండాలోనే ప్లగ్గు ఉంటుంది. రాత్రి పడుకునే ముందు గుచ్చితే తెల్లారేసరికి నిండుతుంది. ఊరి బడికో, డెయిరీకో, తాలూకా ఆఫీసుకో రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగే మనిషికి వేరే స్టేషనుతో పనేముంది? ఖర్చు చూసినా అంతే. నెలకు తొమ్మిది వందల కిలోమీటర్లకు పెట్రోలు స్కూటరు రెండు వేల రూపాయలు తాగుతుంది. కరెంటుదైతే ముప్పై, ముప్పై ఐదు యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల లెక్కన దాదాపు రెండొందలు.

ఇక్కడ మన కర్ణాటకకే సొంతమైన ఒక చిక్కుంది. గృహజ్యోతి పథకం కింద రెండొందల యూనిట్ల వరకూ ఉచితమని అంటున్నాం గానీ, ఎవరికి ఎంత ఉచితమనేది వాళ్ల పాత సగటు వాడకాన్ని బట్టి కట్టారు. ఆ సగటు మీద కొంచెమే వెసులుబాటు. అది దాటిన యూనిట్లకు డబ్బు కట్టాలి. మొత్తం రెండొందలు దాటితే బిల్లంతా నెత్తిన పడుతుంది. నెలకు అరవై యూనిట్లు కాల్చే ఇంట్లోకి కరెంటు బండి వస్తే బిల్లులో మళ్లీ అంకె కనబడుతుంది. రెండు వేల పెట్రోలు మిగిలిందన్న సంగతి ఇంట్లో ఎవరూ తలచుకోరు. సున్నా వచ్చే బిల్లులో డబ్బు పడిందన్న సంగతి మాత్రం నెలంతా నలుగుతుంది. మనుషుల లెక్క అలాగే ఉంటుంది, దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

కరెంటు అంటే గుర్తొచ్చింది. శివనసముద్రంలో పుట్టిన కరెంటు 1902లోనే కోలారు బంగారు గనులకు చేరింది. శేషాద్రి అయ్యర్ దివానుగా ఉండగా మొదలుపెట్టించిన పని అది. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో. గనికి ముందు, నగరానికి తరవాత. పల్లెలు ఇంకా దశాబ్దాలు ఆగాయి. ఇప్పుడు నిరంతర జ్యోతి పేరుతో ఊరి ఇళ్ల లైను, పంపుసెట్ల లైను విడదీశారు కాబట్టి ఊళ్లో ఉన్నవాడికి ఫరవాలేదు. తోటలో ఇల్లు కట్టుకున్న రైతు సంగతి వేరు. అతనిది పంపుసెట్ల లైనే. బోరు నడిచినంతసేపు ఓల్టేజీ కుంగుతుంది, తక్కిన వేళల్లో సింగిల్ ఫేజు వస్తే వచ్చినట్టు. ఛార్జింగ్ సమస్య నిజంగా ఎవరికైనా ఉందంటే వీళ్లకుంది. హైవే మీద ఫాస్ట్ ఛార్జర్లు ఎన్ని పెట్టినా వీళ్లకు ఒరిగేదేమీ లేదు. అవి హైదరాబాదు వెళ్లే కార్ల కోసం. అందులో తప్పేం లేదు గానీ, బాగేపల్లిలో ఛార్జర్ పెట్టారు కాబట్టి బాగేపల్లిలో మార్కెట్ పెరుగుతుందని లెక్క వేస్తే పొరబాటు.

అసలు పద్దు ఏమిటంటారా? బాగేపల్లి బస్టాండు పక్కన నిలబెట్టిన బండ్ల నంబరు ప్లేట్లు ఒకసారి చదవండి. కేఏ-40 మన చిక్కబళ్లాపురం జిల్లాది. దాని పక్కనే కేఏ-01, 03, 05, 50, 51, 53 వరుసగా కనబడతాయి. అన్నీ బెంగళూరువి. సాఫ్ట్‌వేరు కుర్రాడు కొని మూడు నాలుగేళ్లు తిప్పి అమ్మిన బండి చిక్కబళ్లాపురం వస్తుంది. అక్కడ ఒక గుమాస్తా ఐదేళ్లు వాడతాడు. ఆయన దగ్గర నుంచి గుడిబండ వైపో, చేళూరు వైపో ఒక రైతు తీసుకుంటాడు. వెనక సీటు తీసేసి పాల క్యాన్లకు ఇనప కొక్కేలు బిగిస్తాడు. ఒక బండికి ముగ్గురు యజమానులు. షోరూములో కొత్త బండికి ఆ ధర పలుకుతోందంటే అందులో ఈ రెండో మనిషి, మూడో మనిషి వాటా ఉంది. మొదటివాడు లక్ష పెట్టి కొనేది, నాలుగేళ్ల తరవాత నలభై యాభై వేలైనా తిరిగొస్తాయన్న ధైర్యంతో. అప్పిచ్చే ఫైనాన్సువాడి ధైర్యమూ అదే. బాకీ ఎగ్గొడితే బండి ఎత్తుకెళ్లి అమ్ముకోవచ్చని.

కరెంటు బండి దగ్గర ఈ గొలుసు మొదటి లంకె దగ్గరే తెగుతోంది. నాలుగేళ్లు తిరిగిన పెట్రోలు బండిని కొనేవాడు కిక్ కొట్టి, చెవి ఒగ్గి చప్పుడు విని, పొగ రంగు చూసి, ఇంజను ఎంత అరిగిందో చెప్పేస్తాడు. బ్యాటరీ అలా కాదు. బయటికి కొత్తదానిలాగే మెరుస్తుంది. లోపల సత్తువ ఎనభై శాతముందో, అరవైయే మిగిలిందో కంటితో తెలీదు. ఎండలో నిలబెట్టారా, ప్రతిసారీ చివరిదాకా ఖాళీ చేశారా, రోజూ ఫాస్ట్ ఛార్జింగ్ చేశారా అన్నదాన్ని బట్టి ఒకే ఏడాది కొన్న రెండు బ్యాటరీలు రెండు రకాలుగా ముసలవుతాయి. ఆ చరిత్రంతా బండిలోనే నమోదై ఉంటుంది, కొనేవాడికి మాత్రం చూపించరు. కొత్త బ్యాటరీ వేయించాలంటే బండి ధరలో మూడో వంతు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. కంటికి కనబడని దానికి అంత డబ్బు ఒడ్డడానికి ఏ గుమాస్తా ముందుకొస్తాడు?

దీనికి తోడు ఒక విచిత్రం. 2010 ప్రాంతంలో బ్యాటరీ ధర కిలోవాట్ అవర్‌కు వెయ్యి డాలర్ల పైమాట. బ్లూమ్‌బెర్గ్ సంస్థ లెక్క ప్రకారం 2024లో 115 డాలర్లు. అందరూ చప్పట్లు కొట్టే అంకె ఇది. కానీ కొత్తది చవకవుతున్న కొద్దీ పాతదాని విలువ పడిపోతుంది. మొబైల్ ఫోను సంగతి మనకు తెలిసిందే, కొత్త మోడల్ రాగానే చేతిలోది చిత్తు కాగితం. ఫోనుకైతే ఓర్చుకుంటాం. లక్ష రూపాయల బండికి ఓర్చుకోలేం. అమెరికాలో అద్దె కార్ల కంపెనీ హెర్ట్జ్ 2024 జనవరిలో తన దగ్గరున్న కరెంటు కార్లలో ఇరవై వేల దాకా అమ్మేస్తున్నానని చెప్పింది. రిపేరు ఖర్చు ఎక్కువ, మళ్లీ అమ్మితే వచ్చేది తక్కువ. అంత పెద్ద కంపెనీకి తగిలిన దెబ్బే చేళూరు రైతు ముందే ఊహించి పక్కకు తప్పుకుంటున్నాడు. ఆయన్ను వెనకబడినవాడు అనకండి, ఆయన లెక్క హెర్ట్జ్ కంటే ముందుంది.

రిపేరు మాట వచ్చింది కాబట్టి మెకానిక్కు దగ్గరికి వెళ్దాం. చింతామణి నుంచి చేళూరు వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి అలాంటి చోట నిలబడితే కాళ్లు కదలవు. ఒకాయన టీవీఎస్ ఎక్సెల్ మీద టొమాటో బాక్సులు కట్టుకుని వచ్చాడు. బండి ఎత్తుగడ్డ ఎక్కడం లేదు, టపటపమంటోంది. మెకానిక్కు స్పార్క్ ప్లగ్గు ఊడదీశాడు. మొన నల్లగా మసిపట్టింది. ఎమ్రీ పేపర్ ముక్కతో రుద్ది, నోటితో ఊది, మొన గ్యాపును గోటితో చూసి మళ్లీ బిగించాడు. కార్బొరేటర్ గిన్నె విప్పి జెట్టులో సన్నటి తీగ దూర్చి తీశాడు. కిక్. బండి నిండుగా పలికింది. బాక్సులు దించకుండానే పని అయిపోయింది. మార్కెట్లో వేలం టైముకు అందుకోవాలి కదా.

అదే షెడ్డులో మూలకు ప్లాస్టిక్ పట్టా కప్పి ఒక కరెంటు స్కూటరు ఉంది. కంపెనీ పేరు మనకనవసరం. తాళం తిప్పినా తెర వెలగడం లేదట. తోసుకుంటూ తెచ్చి పెట్టి పోయారు. నేను వంగి చూస్తుంటే ఆ మెకానిక్కు చెప్పాడు: “పెద్ద బ్యాటరీ బాగానే ఉంది సార్. తెరకీ లైట్లకీ ఇచ్చే చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ సచ్చినట్టుంది. మీటరు పెట్టి సూస్తి. మార్సేకి పది నిమిషాలు చాలు. నేను చెయ్యి పెడితే వారంటీ పాయ అంటారంట. నాకెందుకు సార్ పోయి పోయి?” పక్కనే స్టిక్కరు ఉంది, సీలు చింపితే బాధ్యత మాది కాదని. పదిహేను వందలు చేయని బ్యాటరీ కోసం లక్ష రూపాయల బండి పట్టా కింద కూర్చుంది. కంపెనీ మనిషి బెంగళూరు నుంచి రావాలి, ఎప్పుడొస్తాడో చెప్పడం లేదు.

ఆయన మాటలో రెండు సంగతులున్నాయి. రోగం ఏమిటో ఆయన పట్టేశాడు. మందు వేసే హక్కు మాత్రం ఆయనకు లేదు. మన దగ్గర పెట్రోలు బండ్లు పల్లెపల్లెకూ పాకింది కంపెనీ సర్వీసు వల్ల కాదు, ఇలాంటి షెడ్ల వల్ల. కంపెనీ సర్వీసంటే మొదటి మూడు ఫ్రీ సర్వీసులు. ఆ తరవాత బండి బతుకంతా చెట్టుకింద మెకానిక్కు చేతుల్లోనే. సామాను బెంగళూరు జేసీ రోడ్డు నుంచి వస్తుంది, అసలుదీ దొరుకుతుంది, నకిలీదీ దొరుకుతుంది, పాతదాన్ని విప్పిన ముక్కా దొరుకుతుంది. ఈ మొత్తం వ్యవస్థను కంపెనీలు ఒక్క రూపాయి పెట్టకుండా వాడుకున్నాయి. కరెంటు బండి వచ్చేసరికి తలుపులన్నీ మూసి తాళం తమ దగ్గరే పెట్టుకున్నాయి.

2024 సెప్టెంబరులో కలబురగిలో ఒక కుర్రవాడు తాను స్కూటరు కొన్న షోరూముకే నిప్పు పెట్టాడు. బండి మొరాయిస్తోంది, ఎన్నిసార్లు తిరిగినా బాగుచేయడం లేదన్న కోపంతో. చేసింది నేరమే, కేసు పెట్టారు. ఆ వార్తలో నన్ను నిలబెట్టిన ముక్క ఒకటుంది. ఆ అబ్బాయి చేసేది మెకానిక్కు పనే. చేతిలో పనితనం ఉండి, సొంత బండిని విప్పే దారి లేక షోరూము మెట్ల దగ్గర పడిగాపులు కాసినవాడు. మరుసటి నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ పది వేల పైచిలుకు ఫిర్యాదుల మీద ఒక పెద్ద స్కూటర్ కంపెనీకి నోటీసు ఇచ్చింది. నెలకు ఇన్ని వేల బండ్లు అమ్మామని గ్రాఫులు గీసే తొందరలో, అమ్మినవాటిని ఎవరు బాగుచేస్తారన్న ప్రశ్న వెనక్కి పోయింది.

కంపెనీల వాదన కొట్టిపారేసేది కాదు. 2022 ఏప్రిల్‌లో వారం తిరక్కుండా నిజామాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు చనిపోయారు. రెండు చోట్లా ఇంట్లో రాత్రి ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలింది. మన తెలుగు టీవీలు ఆ దృశ్యాలను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూపించాయో మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటినుంచి మా ఇంట్లో వద్దు బాబూ అనే ఆడవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్ల భయం ఉత్తిది అనను. ఆ తరవాతే కేంద్రం బ్యాటరీ పరీక్షల ప్రమాణాలను బిగించింది, 2022 డిసెంబరు నుంచి కొన్ని, 2023 మార్చి చివరి నుంచి తక్కినవి అమల్లోకి వచ్చాయి. బ్యాటరీ సెల్లులు విప్పడం తెలిసినవాళ్లే చేయాల్సిన పని. కార్లలో నారింజరంగు తొడుగున్న వైర్లలో మూడు నాలుగు వందల వోల్టులు ఉంటాయి, లోపలి తీగ తాకితే ప్రాణం పోవచ్చు. ఇదంతా ఒప్పుకుంటాను. అయితే పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీకీ, బ్రేక్ లీవరుకూ, హెడ్‌లైటుకూ కూడా అదే సీలు వేయడం రక్షణ కాదు, వ్యాపారం.

మన దగ్గర ఈ అనుభవం కొత్తదేమీ కాదు. దేశంలో తొలినాళ్లలో జనం చేతికి వచ్చిన కరెంటు కారు రేవా, బెంగళూరుదే. మైనీ గ్రూపువాళ్లు ఒక కాలిఫోర్నియా కంపెనీతో కలిసి 1994లో మొదలుపెట్టారు, 2001లో రోడ్డు మీదికి తెచ్చారు. సీసపు బ్యాటరీలు, ఇద్దరు పెద్దలూ ఇద్దరు పిల్లలూ పట్టే డబ్బా. ఒక్క ఛార్జికి ఎనభై కిలోమీటర్లు. అంటే బెంగళూరు నుంచి చిక్కబళ్లాపురం రాగలదు, తిరిగి వెళ్లలేదు. లండన్‌లో అదే కారు జీ-విజ్ పేరుతో తిరిగింది. నగరం నడిబొడ్డులోకి వచ్చే కార్ల మీద అక్కడ వేసే సుంకం దీనికి లేకపోవడం పెద్ద ఆకర్షణ. 2010లో మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది, 2013లో ఈ2ఓ తెచ్చింది, 2019కి అదీ ఆపేసింది. ముందుచూపులో రేవా తెచ్చిన చేతన్ మైనీకి వంక పెట్టలేం, ప్రపంచమంతా ఇటు తిరగకముందే తిరిగిన మనిషి. కానీ తయారీ ఆగిపోయిన కారును సెకండ్ హ్యాండులో కొనమని నేను మా తమ్ముడికి చెప్పగలనా?

ఇప్పుడు నరసాపుర సంగతి. 2024 నవంబరులో బెంగళూరులోనే హోండా వాళ్లు యాక్టివా ఈ బయటపెట్టారు. ఇందులో సీటు కింద రెండు బ్యాటరీలు, ఒక్కోటి పది కిలోల బరువు. అయిపోగానే తీసి స్టేషనులో పెట్టి, నిండినవి తగిలించుకుని పోవడమే. రెండు నిమిషాల పని. బ్యాటరీ మనది కాదు, కంపెనీది, నెలనెలా అద్దె కట్టాలి. నేను ఇందాకటి నుంచి చెబుతున్న రోగానికి ఇది దాదాపు సరైన మందు. బ్యాటరీ కంపెనీదైనప్పుడు అది ముసలిదైందో పడుచుదో రెండో యజమానికి అక్కర్లేదు. సెకండ్ హ్యాండులో కొనేది చక్రాలూ మోటారూ బాడీ, అవి కంటికి కనబడేవే. మందు బాగానే ఉంది, దొరికేచోటే లేదు. దీన్ని ఇంట్లో ఛార్జి చేయడానికి వీల్లేదు, స్టేషనుకే పోవాలి. స్టేషన్లు ఉన్న బెంగళూరు, ఢిల్లీ, ముంబైలలోనే దాన్ని మొదట అమ్మకానికి పెట్టారు. గంట దూరంలో చింతామణి నుంచి వెళ్లి దాన్ని బిగించిన అమ్మాయి, తన ఊళ్లో దాన్ని నడపలేకపోయింది. అదే చేత్తో వాళ్లే ఇంట్లో ఛార్జి చేసుకునే క్యూసీ1 అనే చిన్న బండి తెచ్చారు, అది వేరే మాట.

కంపెనీవాళ్లు తాలూకా కేంద్రాల్లో బ్యాటరీలు మార్చుకునే స్టేషన్లు పెట్టరా అంటే పెడితే నష్టమంటారు. ఒక్కో స్టేషన్లో అదనపు బ్యాటరీలు ఎప్పుడూ నిండి ఉండాలి, వాటి మీద పెట్టుబడి ఊరికే పడుంటుంది. నిజమే. కానీ ఇక్కడ ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. తుమకూరు జిల్లా పావగడలో రెండు వేల మెగావాట్లకు పైగా సోలార్ పార్కు ఉంది. రైతులు భూమి అమ్మకుండా కౌలుకిచ్చారు. అక్కడా ఇళ్లలో వినిపించేది తెలుగే. ఆ కరెంటు వచ్చేది మిట్టమధ్యాహ్నం. మన బండ్లు ఛార్జి అయ్యేది రాత్రి. పగటిపూట మిగిలే కరెంటుతో నింపి పెట్టుకోవడానికి విడి బ్యాటరీలకంటే అనువైనవి ఏమున్నాయి? శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టుకో, చింతామణి టొమాటో మార్కెట్టుకో రోజూ ఒకే వేళకు వందల బండ్లు వస్తాయి. స్టేషను పెట్టాలనుకున్నవాడికి అంతకంటే ఖచ్చితమైన గిరాకీ బెంగళూరు ఇందిరానగర్‌లో కూడా దొరకదు.

సబ్సిడీ గురించి రెండు మాటలే. 2021లో ద్విచక్ర వాహనానికి కిలోవాట్ అవర్‌కు పదిహేను వేలు ఇచ్చారు, 2023 జూన్‌లో పదివేలకు తగ్గించారు, పీఎం ఈ-డ్రైవ్‌లో ఐదు వేలు, రెండో ఏడు అందులో సగం. 2025 సెప్టెంబరు 22 నుంచి మామూలు పెట్రోలు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. ఒక పక్క సాయం తగ్గుతుంటే ఇంకో పక్క పోటీదారు చవకయ్యాడు. సబ్సిడీ ఎప్పుడూ మొదటి యజమానికే అందింది, రెండోవాడికి ఏనాడూ పైసా అందలేదు. పైగా సబ్సిడీ ఉన్నన్నాళ్లూ పాత బండి ధర ఇంకా కిందికి పోతుంది. కొత్తదే తక్కువలో వస్తుంటే పాతది ఎవడు కొంటాడు? సెల్లులకు, అరుదైన మట్టి మూలకాల అయస్కాంతాలకు చైనా మీద ఆధారపడటం ఇంకో పెద్ద కథ. 2025లో ఆ దేశం అయస్కాంతాల ఎగుమతి బిగించగానే మన కంపెనీల తయారీకి ఊపిరాడలేదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్లు బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023లో పునాది వేశారు. విశ్వేశ్వరయ్యగారు ఉంటే తమ పథకంలో మొదటి పేజీ దానికే కేటాయించేవారని నా ఊహ.

ఇంత చెప్పి ఏం చేయాలో చెప్పకపోతే మా మెకానికల్ డిపార్టుమెంటు ఒప్పుకోదు. ఐటీఐలలో కరెంటు వాహనాల మెకానిక్కు కోర్సు రెండేళ్లది ఇప్పటికే ఉంది. మంచిదే. కానీ రేకుల షెడ్డులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి రెండేళ్లు బల్ల మీద కూర్చోలేడు. ఆయనకు కావాల్సింది వారం పది రోజుల శిక్షణ, ఒక పాస్ కార్డు, ఏది ముట్టుకోవచ్చు ఏది ముట్టుకోకూడదో చెప్పే బొమ్మల పుస్తకం తెలుగులోనూ కన్నడంలోనూ. ముద్దేనహళ్లిలో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం స్నాతకోత్తర కేంద్రం ఉంది కదా. అక్కడి కుర్రాళ్లు సెలవుల్లో ఈ పని చేస్తే వాళ్ల ప్రాజెక్టు రిపోర్టుల కంటే ఎక్కువ పనికొస్తుంది. మరమ్మతు హక్కు పేరుతో కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది, వాహనాలూ అందులో ఉన్నాయి. అందులో చేరామని చెప్పుకునే కంపెనీ, తన స్కూటరు చూపించే తప్పు కోడ్ల అర్థాలను ఒక కాగితం మీద అచ్చువేసి షెడ్లకు పంచడానికి ఎందుకు వెనకాడాలి?

రెండోది ఆర్టీవో ఆఫీసులో జరగాలి. బండి చేతులు మారేటప్పుడు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెడతాం. కరెంటు బండికి వాటితో పాటు ఇంకో కాగితం జోడించాలి. బ్యాటరీలో ఎంత సత్తువ మిగిలింది, ఎన్నిసార్లు ఛార్జి అయింది, వారంటీ ఇంకా ఎన్నేళ్లుంది, అది కొత్త యజమానికి బదిలీ అవుతుందా లేదా, ఇంతే. బండిలోని కంప్యూటరుకు ఈ సంగతులన్నీ తెలుసు. కంపెనీ ఒక బటను నొక్కితే కాగితం వస్తుంది. ఆ కాగితానికి రుసుము వసూలు చేయకూడదు, అమ్మేవాడి దగ్గరా, కొనేవాడి దగ్గరా. దేశమంతా చేయడానికి ఢిల్లీ కదలాలి, దానికి ఎంత కాలం పడుతుందో మీకూ తెలుసు. ఈలోపు మన చిక్కబళ్లాపురం, చింతామణి ఆఫీసుల దగ్గర సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మే వ్యాపారులే, కాగితం లేని కరెంటు బండిని ఎక్స్ఛేంజికి తీసుకోబోమని ఒక మాట మీద నిలబడితే చాలు. నెల తిరక్కుండా షోరూమువాళ్లే ఆ కాగితం ప్రింటు తీసి ఇస్తారు.